‘గుర్తింపు పరిధి’కి రెండు కొసలుంటాయి

పొద్దున అడిగిన ప్రశ్నకు కాస్త పెద్ద జవాబు. ఆప్టికల్ బయోసెన్సర్ల (శాంపిల్‌లోని ప్రొటీన్లనో, బాక్టీరియానో కాంతితో పట్టే పరికరాల) మీద రాస్తూ ‘డిటెక్షన్ రేంజ్ (గుర్తింపు పరిధి) పెంచడం’ అన్నదాన్ని ‘సున్నితత్వం పెంచడం’ అని రాసేయొచ్చా అన్నారు. వద్దండీ. రెండూ వేరు.

సెన్సర్ మీద యాంటీబాడీలు అంటించి ఉంటాయి, శాంపిల్‌లోని ప్రొటీన్ వచ్చి వాటికి అతుక్కుంటుంది, దాంతో ఆ ఉపరితలం దగ్గర వక్రీభవన గుణకం, అంటే కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె, కొద్దిగా మారుతుంది, ఆ మార్పు కాంతిలో తెలుస్తుంది. యాంటీబాడీల్లో 10 శాతం నిండిన దగ్గర్నుంచి 90 శాతం నిండేదాకా ప్రొటీన్ గాఢత ఎంత పెరగాలి? మామూలు బంధానికి లెక్క కడితే 81 రెట్లు. సగం నిండే గాఢతలో తొమ్మిదో వంతు దగ్గర 10 శాతం, దానికి తొమ్మిది రెట్ల దగ్గర 90 శాతం. గుర్తింపు పరిధికి రెండు కొసలు ఇవే అనుకోండి. అంతకన్నా కిందికి పోతే సిగ్నల్ నాయిస్‌లో (రీడింగ్‌లో ఊరికే వచ్చే హెచ్చుతగ్గుల్లో) కలిసిపోతూ వస్తుంది, పైకి పోతే ఖాళీలు ఉండవు కాబట్టి గాఢత ఎంత పెరిగినా రీడింగ్ దాదాపు అదే.

ఇప్పుడు ఇంకా గట్టిగా పట్టుకునే యాంటీబాడీ పెట్టారనుకోండి. కింది కొస దిగుతుంది, నిజమే, కానీ పై కొస కూడా దానితోపాటే దిగుతుంది! 81 రెట్లు 81 రెట్లుగానే ఉంటుంది. అంటే పరిధి పక్కకు జరిగింది, వెడల్పు కాలేదు. అదే నాయిస్ తగ్గిస్తే కింది కొస ఒక్కటే దిగుతుంది, అప్పుడు పరిధి పెరిగిందని ధైర్యంగా రాయొచ్చు. బలంగా పట్టేవీ బలహీనంగా పట్టేవీ తగిన పాళ్లలో ఒకే సెన్సర్ మీద పెట్టినా పెరుగుతుంది, ఎందుకంటే మొదటివి నిండిపోయే గాఢత దగ్గర రెండోవి పని అందుకుంటాయి.

అందుకే ‘మెరుగుపరచడం’ కన్నా ‘విస్తరించడం’ మంచి క్రియ. ఇక లెక్కల పుస్తకాల్లో రేంజ్‌కి ‘వ్యాప్తి’ అని ఉంది కదా, అదే వాడదాం అన్నవారికి: రోగ పరీక్షల గురించి రాసే చోట వ్యాప్తి అనగానే పాఠకుడికి వ్యాధి వ్యాప్తే తడుతుంది. ‘పరిధి’ చాలు, మొదటిసారి వాడినప్పుడు ‘గాఢత పరిధి’ అని విప్పి రాస్తే అనుమానమే ఉండదు.

> మరి సెన్సర్ ఎంత దూరం వరకు చూడగలదో, దాన్ని కూడా రేంజ్ అంటారు కదండీ?

అంటారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. సర్ఫేస్ ప్లాస్మాన్ సెన్సర్‌లో (లోహపు పొరలోని ఎలక్ట్రాన్లను కాంతితో ఊపి పనిచేసే ఆప్టికల్ సెన్సర్ ఇది) సుమారు 50 నానోమీటర్ల బంగారు పొర ఉంటుంది, దాని నుంచి కాంతి క్షేత్రం ద్రవంలోకి దాదాపు రెండు వందల నానోమీటర్లు పోయేసరికి బాగా పలచబడిపోతుంది. బాక్టీరియా పొడవేమో ఒక మైక్రాన్‌కి (వెయ్యి నానోమీటర్లకి) అటూ ఇటూ, కాబట్టి దాని అడుగుభాగమే సెన్సర్‌కి బాగా తెలుస్తుంది. ‘లాంగ్ రేంజ్ ప్లాస్మాన్లు’ అనే రకం వాడేది కాంతి క్షేత్రం పోయే ఆ లోతు పెంచడానికి. దీన్ని ‘క్షేత్రం అందే లోతు’ అని రాయండి, పరిధి అన్న మాటను గాఢతకే ఉంచండి.