ఆఫీసులో ఇంగ్లీషు: డాలస్‌కు కొత్తగా వచ్చిన సోదరి ప్రశ్నకు జవాబులు

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను ఈమధ్యనే డాలస్‌కు వచ్చి ఒక ఆఫీసులో చేరాను. చదువంతా ఇంగ్లీషు మీడియంలోనే సాగినప్పటికీ, నేను ఒకటి చెబితే తోటి ఉద్యోగులకు మరొకటి అర్థమవుతోంది. ఏ వ్యాకరణ పుస్తకంతో మొదలుపెట్టాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: సోదరి గారికి నమస్కారం. పుస్తకం కొనే ముందు ఒక్క విషయం గమనించండి. వినేవారు మనసులోనే సరిచేసుకుని ముందుకు సాగిపోయే తప్పులు కొన్ని ఉంటాయి. మాట అర్థాన్నే తలకిందులు చేసేవి మరికొన్ని ఉంటాయి. ఈ రెండో రకం తప్పులు చాలావరకు మన తెలుగు వాక్యపు అలవాటు నుంచే వస్తాయి కాబట్టి, వాటిని ముందుగా పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముఖ్యమైనది వ్యతిరేక ప్రశ్నకు ఇచ్చే జవాబు. "ఫైలు ఇంకా పంపలేదా?" అని తెలుగులో ఎవరైనా అడిగితే, పంపనప్పుడు మనం "అవునండి, పంపలేదు" అంటాం, అడిగినవారు అనుకున్నది నిజమేనని ఒప్పుకోవడం ఆ "అవును"లోని భావం. ఇంగ్లీషులో "యెస్", "నో" అనేవి ప్రశ్న ఏ రూపంలో ఉన్నా పట్టించుకోవు. పని జరిగిందా లేదా అన్నదే వాటికి ముఖ్యం. "హ్యావెంట్ యు సెంట్ ఇట్?" అని మేనేజరు అడిగినప్పుడు మీరు "యెస్" అని ఊరుకుంటే, ఫైలు పంపేశారనుకుని ఆయన దానికోసం ఎదురుచూస్తారు. పంపకపోతే "నో, ఐ హ్యావెంట్" అనాలి. అలాగే "డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అని అడిగినవారితో, కూర్చోమనే ఉద్దేశంతో "యెస్" అంటే, కూర్చోవద్దన్నట్లు వినిపిస్తుంది, "నాట్ ఎట్ ఆల్" అనడం సరైన పద్ధతి. కొంతకాలం పాటు ఒక్క మాటతో జవాబు ముగించకుండా, వెనుక పూర్తి వాక్యం చేర్చడం అలవాటు చేసుకుంటే ఈ చిక్కు దాదాపుగా పోతుంది.

తెలుగులో "మనం", "మేము" వేరువేరు. ఇంగ్లీషులో రెండింటికీ "వి" ఒక్కటే కావడంతో, "వి విల్ ఫిక్స్ ఇట్" అని మెయిల్ రాస్తే, ఆ పని మీ బృందం చేస్తుందో, చదివేవారు కూడా చెయ్యి వేయాలో తేలదు. పని ఎవరిదో చెప్పవలసిన చోట "మై టీమ్" అని గానీ, "యు అండ్ ఐ" అని గానీ విడిగా రాయండి.

మర్యాద సంగతి కూడా ఇలాంటిదే. మనకు గౌరవం క్రియ చివరనే ఉంటుంది. "పంపండి" అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. ఆ ప్రత్యయం లేని ఇంగ్లీషులో "సెండ్ మి ద రిపోర్ట్" అనేది ఆజ్ఞలా ధ్వనిస్తుంది, ముందు "ప్లీజ్" పెట్టినా ఆ ధ్వని పూర్తిగా పోదు. "కుడ్ యు సెండ్ మి ద రిపోర్ట్?" అని ప్రశ్నగా మార్చినప్పుడే అది మన "పంపండి"కి సాటి వస్తుంది.

మాటల విషయానికొస్తే, ఇక్కడ "డౌట్" అంటే అపనమ్మకమనే భావం తోస్తుంది కనుక "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. "పాసౌట్" అంటే స్పృహ తప్పడం. చదువు పూర్తయిందని చెప్పడానికి "గ్రాడ్యుయేట్" అనాలి. "రివర్ట్" అంటే పాత స్థితికి తిరిగి వెళ్లడం కాబట్టి, జవాబు కోరేటప్పుడు "రిప్లై" అనడమే క్షేమం. "ప్రీపోన్" చాలామందికి తెలియదు. "మూవ్ అప్" అంటే అర్థమవుతుంది.

"మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అనే వాక్యాన్ని మనసులో ఉంచుకుని "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటుంటాం. మన "నుంచి" రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో వ్యవధికి "ఫర్", మొదలైన క్షణానికి "సిన్స్" వాడాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్", లేదా "సిన్స్ 2022".

"ఎ", "యాన్", "ద" గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకండి. అవి తప్పినా అర్థం సాధారణంగా చెడదు. అక్షరాన్ని కాక ఉచ్చారణను చూడాలన్నది గుర్తుంటే చాలు: "ఎ యూనివర్సిటీ", "యాన్ అవర్". మనం "హెచ్" అని పలికే అక్షరాన్ని ఇక్కడివారు "ఎయిచ్" అంటారు, అందుకే "యాన్ ఎయిచ్-1బి వీసా" అవుతుంది.

రెండో జవాబు: పై జవాబుకు ఒక చిన్న చేర్పు. "నేనే చేశాను" అనడానికి మనవాళ్లు "ఐ ఓన్లీ డిడ్ ఇట్" అంటారు. ఆ "ఓన్లీ" పని విలువను తగ్గించి చెబుతున్నట్లు వినిపించవచ్చు, ముఖ్యంగా వార్షిక సమీక్షలో అది మీకు నష్టం. "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్" అనండి. ఇక సాధన కావాలంటే, ఈ దేశంలో చాలా పబ్లిక్ లైబ్రరీలు పెద్దలకు ఉచితంగా ఇంగ్లీషు సంభాషణ తరగతులు నడుపుతాయి. మీ ఇంటికి దగ్గరలోని లైబ్రరీకి వెళ్లి, "ఈఎస్ఎల్" (ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే) తరగతులు ఎప్పుడున్నాయని అడగండి.