వార్డు పనుల డబ్బుపై సభకు మాట ఉండాలా, సోమవారం అర్జీ చాలదా?
(ఐదుగురి చర్చ ఇది. ప్రతి మాటకూ పైన ఉన్నది రాసినవారి కలంపేరు.)

గెడ్డ ఒడ్డు
విశాఖలో ఇంటి ముందు మురుగు పొంగితే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇస్తాం, నంబరు వేస్తారు, కొన్నాళ్లకు ఎండార్స్‌మెంట్ (అధికారుల రాతపూర్వక జవాబు) వస్తుంది. అయితే ఈ ఏడాది మన వీధుల్లో కాలువ ముందా, పార్కు గోడ ముందా అన్నది ఎవరు తేల్చారో ఆ కాగితం చెప్పదు. మనం అర్జీ పెట్టేసరికే ఎస్టిమేట్లు అయిపోయి ఉంటాయి.

నా ప్రతిపాదన ఇది: ఏ పని ముందో జనమే సభ పెట్టుకుని తేల్చాలి. జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) 98 వార్డులు, ఒక్కో వార్డులో సగటున 20 వేల జనం. అంతమందితో సభ జరగదు. వార్డు సచివాలయాలను సుమారు 4 వేల మందికి ఒకటి చొప్పున పెట్టారు కాబట్టి ఆ పరిధిలోనే సభ పెట్టాలి. వార్డు పనులకు వచ్చే డబ్బులో పదో వంతు దేనికి ఖర్చు పెట్టాలో ఆ సభలు తేల్చాలి. కాదనేవాళ్లు కారణం కూడా రాయండి.

బడ్జెట్ పుస్తకం
నేను కాదంటాను. కార్పొరేటర్‌ను ఎన్నుకున్నది ఈ పనికే. తప్పు చేస్తే వచ్చే ఎన్నికల్లో ఓడిస్తాం. సభలో చేయెత్తినవాళ్లను ఎవరు ఓడిస్తారు?

అసలు సభకు వచ్చేదెవరు? పని రోజు పొద్దున్న పదకొండింటికి పెడితే పింఛనుదార్లు, పార్టీ మనుషులు వస్తారు. గాజువాకలో షిఫ్టు దిగి నిద్రపోతున్నవాళ్లు రారు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లేవాళ్లు, నాలుగిళ్లలో పనిచేసే అమ్మలు రారు. సంక్షేమ సంఘం ఉన్న కాలనీ తన పార్కుకు డబ్బు తెచ్చుకుంటుంది. కొండవాలు బస్తీకి నీళ్లు ఎక్కించే మోటారు మాట సభలో ఎత్తేవాళ్లే ఉండరు.

భీమిలి రోడ్డు
గురువుగారూ, ఓడించడానికి మనిషంటూ ఉండాలి కదా! 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ ప్రత్యేకాధికారి పాలనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక ఊరంతా మళ్లీ కట్టుకున్న రోజుల్లో కూడా ప్రశ్నించడానికి కార్పొరేటర్ లేడు.

ఇంకో సంగతి. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ చేశారు. పంచాయతీగా ఉన్నంతకాలం ఆ గ్రామాలకు గ్రామసభ ఉంది, రాజ్యాంగంలో దాని పేరే ఉంది (243ఏ). పట్నంలో కలిసిన రోజున అది పోయింది. పట్టణాలకు అలాంటి సభ రాజ్యాంగంలో లేదు. జనాభా 3 లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ చెబుతుంది, అంతే. అందులో ఎవరుండాలో, ఎలా ఎంచాలో రాష్ట్ర చట్టానికి వదిలేసింది. పల్లెలో ఉన్న హక్కు పట్నం పన్ను కట్టడం మొదలుపెట్టగానే ఎందుకు తగ్గాలి?

ఎం.బుక్
అందరూ సభ ఉండాలా వద్దా అని వాదిస్తున్నారు. పని ఏ దశలో ఉండగా సభ పెడతారన్నది నాకు అంతకంటే ముఖ్యం.

పని నడిచే వరస ఇది: ప్రతిపాదన, ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి (ఖర్చుకు ఒప్పుకోలు), సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, పని, కొలతల పుస్తకంలో (ఎం.బుక్‌లో) నమోదు, బిల్లు. పరిపాలనా అనుమతి వచ్చాక సభ పెడితే అది సమాచారం చెప్పడమే, అడగడం కాదు. కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి కాబట్టి సభ అక్టోబరు, నవంబరులో జరగాలి. అప్పుడే ఇంజినీర్లకు స్థలం చూసి ఎస్టిమేట్ వెయ్యడానికి వ్యవధి ఉంటుంది. వానలు అప్పుడే తగ్గుతుంటాయి, నీరు ఎక్కడ నిలిచిందో జనానికి గుర్తుంటుంది.

ఇక తేడా వచ్చేది ఎక్కడంటే, గెడ్డల (వాన నీరు పారే పెద్ద కాలువల) దగ్గర. ఒక కాలనీ తమ ముందున్న గెడ్డ మీద శ్లాబు వేసి పార్కింగు చేసుకోవాలని తీర్మానిస్తుంది. శ్లాబు పడితే పూడిక తీసే యంత్రం లోపలికి దిగలేదు. రెండేళ్లలో మట్టి, ప్లాస్టిక్ పేరుకుంటాయి, ఎగువ వార్డులో ఇళ్లలోకి నీళ్లొస్తాయి. ఎగువవాళ్లకు ఆ సభలో ఓటు లేదు. కాబట్టి గెడ్డలు, పెద్ద పైపులైన్లు, యూజీడీ (భూగర్భ మురుగు) మెయిన్లు సభ చేతిలో పెట్టకూడదు. వీధి కాలువ, సీసీ రోడ్డు, వీధి దీపం, పార్కు, అంగన్‌వాడీ మరమ్మతు దాకా సరే. రైల్వే, పోర్టు స్థలాల్లో పని కోరితే వాళ్ల అనుమతి లేకుండా ఏడాదంతా ఫైలు కదలదు. సభకు ముందే వీధి పటం మీద ఆ స్థలాలు రంగు వేసి చూపించాలి.

నన్నడిగితే పని ఎంచుకోవడం కంటే పని కొలవడంలోనే జనం ఎక్కువ సాయపడగలరు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. మందం 12కు తగ్గితే 36 ఘనపు మీటర్లే. తొమ్మిది ఘనపు మీటర్లు పోయినట్టు రోడ్డు మీద నిలబడితే కనిపించదు. అంచున మట్టి కప్పకముందు టేపు పెడితే కనిపిస్తుంది. రోడ్డు వేసిన మర్నాడే ఆటోలు ఎక్కించకుండా, రెండు వారాలు తడి ఆరకుండా చూడగలిగేదీ ఆ వీధివాళ్లే.

ఎస్టిమేటు, అగ్రిమెంటు, కొలతల పుస్తకం నకళ్లు సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. చట్టంలోని 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చెయ్యొచ్చు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మనొచ్చు. ఇది చాలామందికి తెలియదు.

కొండవాలు
అర్జీని తేలిగ్గా తీసేయకండి. సంఘం లేని, కార్పొరేటర్ ఫోన్ నంబరు లేని ఒంటరి మనిషికి ఒక నంబరు దక్కేది అక్కడే. అది చెడేది రెండు రకాలుగా. నాలుగు సమస్యలు ఒకే కాగితంలో రాస్తే ఒక శాఖకు పోతుంది, వాళ్లు తమ ముక్కకు జవాబిచ్చి మొత్తం మూసేస్తారు. ఒక్కో సమస్యకు ఒక్కో అర్జీ ఇవ్వాలి, దీపం స్తంభం నంబరు గానీ ఇంటి నంబరు గానీ రాయాలి. రెండోది, "సంబంధిత శాఖకు పంపడమైనది" అని రాసి పరిష్కారమైనట్టు చూపడం. పంపడం పరిష్కారం కాదని రాసి మళ్లీ తెరిపించాలి. దాంతోపాటు ఆ ఎండార్స్‌మెంట్‌కు ఆధారమైన తనిఖీ నివేదిక సమాచార హక్కులో అడగాలి. నివేదిక లేదని రాతపూర్వకంగా వస్తే తర్వాతి సోమవారానికి అంతకంటే బలమైన కాగితం లేదు.

సభ అంటారా, సాయంత్రం ఏడింటికో, ఆదివారమో పెట్టండి. చేతులెత్తించొద్దు, చీటీలు వేయించండి. పక్కింటి యజమాని చూస్తుండగా అద్దెకుండేవాళ్లు చేయెత్తరు.

బడ్జెట్ పుస్తకం
చీటీల మాట బాగుంది. మీరంతా చెప్పని ఉదాహరణ నేనే చెబుతాను. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చింది. జనం కోరికలను ఎస్టిమేట్లుగా మార్చేవాళ్లు చాలక, విశ్రాంత ఇంజినీర్లను స్వచ్ఛందంగా పిలవాల్సి వచ్చింది. డబ్బు ముందు, మనుషులు తర్వాత అయితే ఇలాగే అవుతుంది. మన సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే ఎమినిటీస్ కార్యదర్శి ఉన్నారు, కానీ పన్ను వసూలు, సర్వేలు, పింఛన్ల పంపిణీ పనులన్నీ సచివాలయం సిబ్బంది మీదే పడుతున్నాయి. ఆయనకు సభలు జరిగే ఆ రెండు నెలలూ వేరే డ్యూటీ వెయ్యబోమని ముందే రాయించకపోతే ఎస్టిమేటు కాంట్రాక్టరే రాసిస్తాడు.

గెడ్డ ఒడ్డు
ఎం.బుక్ గారి మాట ఒప్పుకుని గెడ్డలు, మెయిన్లు తీసేస్తున్నాను. పదో వంతు కూడా తగ్గించి, మొదటి ఏడాది ఇరవయ్యో వంతుతో చూద్దాం. ఒక్కటి మాత్రం వదలను. సభ ఎంచిన పనిని ఇంజినీరు కుదరదంటే 15 రోజుల్లో కారణం రాసి సచివాలయం నోటీసు బోర్డు మీద అతికించాలి. నోటిమాట చెల్లదు.

బడ్జెట్ పుస్తకం
ఆ నోటీసులో ఎస్టిమేటు మొత్తం, స్థలం ఎవరిది అన్నవి కూడా ఉంటే సభకు నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం కొండవాలు బస్తీవాళ్లు ఎంతమంది వచ్చారో మినిట్స్‌లో లెక్క కనిపించాకే.