బీకాం తర్వాత ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పీజీ: కోడింగ్ రానివాళ్లు చేరొచ్చా, వద్దా?

సుబేదారి బీకాం:
నాది ఇంటర్ సీఈసీ, తర్వాత హనుమకొండలోనే బీకాం. ట్యాలీ, ఎక్సెల్ బాగా వచ్చు. ప్రోగ్రామింగ్ ఒక్క లైను కూడా రాయలేదు. ఇప్పుడు ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో జీఎస్టీ పని చూస్తున్నాను. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారులు 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేస్తే, 14న కొన్నవాళ్లకు జీఎస్టీఆర్-2బీ అనే కొనుగోళ్ల స్టేట్‌మెంట్‌లో ఆ బిల్లులు కనిపిస్తాయి. మా క్లయింట్ కొనుగోలు పుస్తకానికీ దానికీ తేడా వస్తే ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నా పని. అది చేస్తుంటేనే, అసలు ఈ సిస్టమ్‌లు ఎలా కడతారో చదవాలనిపించింది.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో పీజీ చేస్తానంటే చుట్టూ రెండు రకాల మాటలు. కంప్యూటర్ చదువు లేకుండా వెళ్తే క్లాసులో ఏమీ అర్థం కాదని కొందరు. అది మేనేజ్‌మెంట్ కోర్సే, కోడింగ్ ఉండదు, హాయిగా చేరిపో అని కొందరు. చదివినవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మడికొండ డెవలపర్:
చెల్లే, నచ్చకపోయినా ఉన్నమాట చెప్తాను. వద్దు. నేను ఐటీలో చాలాకాలంగా ఉన్నాను, కొత్తవాళ్లకు ఇంటర్వ్యూలు చేస్తుంటాను. రెజ్యూమెలో మాస్టర్స్ అని ఉంటుంది. రెండు టేబుళ్లు కలిపి కస్టమర్ వారీగా మొత్తం తీయమంటే పెన్ను కదలదు. బీటెక్‌లో నాలుగేళ్లు డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ చదివినవాళ్లకే ఫ్రెషర్ ఉద్యోగం దొరకడం కష్టంగా ఉంది. చిన్నచిన్న కోడ్ ఏఐ టూల్స్ రాసిపెడుతున్నాయి, జూనియర్లకు ఇచ్చే పని తగ్గింది. ఏడాది, రెండేళ్ల కోర్సులో ఆ పునాది రాదు. మీకు అకౌంట్స్ వచ్చు కదా, కాస్ట్ అకౌంటెంట్ కోర్సు సీఎంఏ చేయండి. వచ్చిన విద్య వదిలేసి ఇంకోచోట మొదటినుంచి మొదలుపెట్టడం ఎందుకు?

హుజూరాబాద్ లెక్చరర్:
నేను డిగ్రీలో కంప్యూటర్ అప్లికేషన్స్ పిల్లలకు డేటాబేస్ చెప్తాను. మిత్రుడు చెప్పిన ఇంటర్వ్యూ సంగతి నిజమే, ఎవరూ కాదనలేరు. కానీ ఆయన కంప్యూటర్ సైన్స్‌ను మనసులో పెట్టుకుని ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ గురించి తీర్పు చెప్తున్నారు.

డేటాబేస్ ఇంజిన్ లోపల ఎలా పనిచేస్తుందో కంప్యూటర్ సైన్స్ వాళ్లు లోతుగా చదువుతారు. ఆ డేటాబేస్‌లో ఏ టేబుళ్లు ఉండాలి, ఏ కాలమ్ ఎవరు నింపాలి, నింపింది ఎవరు మార్చొచ్చు, మారిస్తే ఆ మార్పు ఎక్కడ నమోదు కావాలి, ఇవి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వాళ్ల ప్రశ్నలు. అందుకే పీజీలో సిస్టమ్స్ అనాలిసిస్, డేటాబేస్, బిజినెస్ ప్రాసెస్, ఈఆర్‌పీ (కంపెనీ విభాగాలన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్), సెక్యూరిటీ, ఐటీ ఆడిట్ లాంటివి ఉంటాయి. ఏసీఎం, ఏఐఎస్ అనే రెండు అంతర్జాతీయ సంఘాలు కలిసి ఈ పీజీ కోసం ఎంఎస్ఐఎస్ 2016 అనే నమూనా తయారుచేశాయి. అందులో ఐటీ నైపుణ్యాలతో పాటు, ఆ ఐటీ ఏ రంగంలో వాడతామో ఆ రంగం గురించి తెలిసి ఉండటాన్ని కూడా ఒక ప్రధాన భాగంగా పెట్టారు. బీకాం అమ్మాయికి అకౌంట్స్ తెలియడం అక్కడ అడ్డు కానే కాదు.

మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 2020లో తెలంగాణ భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు పహాణీలో అనుభవదారు కాలమ్, అంటే సాగులో ఉన్నది ఎవరో రాసే చోటు, పోయింది. పట్టా ఒకరి పేరున ఉండి సాగు ఇంకొకరు చేసే భూములు మన పల్లెల్లో ఎన్నో. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొనుక్కుని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న మనిషి పేరు రాయడానికి రికార్డులో చోటే లేకుండా పోయింది. ఇది కోడ్ వెతికితే దొరికే తప్పు కాదు. ఉన్న కాలమ్‌లనే సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. డిజైన్ కాగితం మీద ఉండగానే "సాదాబైనామా రైతు పేరు ఎక్కడ రాస్తారు?" అని అడిగే మనిషి కావాలి. అలా అడగాలంటే పహాణీ తెలియాలి, టేబుల్ అంటే ఏమిటో కూడా తెలియాలి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మధ్యకాలంలో రైతులు పడ్డ టెన్షన్ చూసినవాడిగా చెప్తున్నాను, ఇలాంటి మనుషుల అవసరం చాలా ఉంది.

అయితే అమ్మా, "మేనేజ్‌మెంట్ కోర్సే, కోడింగ్ ఉండదు" అనే మాట అసలు నమ్మొద్దు. డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ ఉంటుంది. చాలాచోట్ల పైథాన్, స్టాటిస్టిక్స్ కూడా ఉంటాయి. ఆ మాట చెప్పి పిల్లలను చేర్పించే కన్సల్టెన్సీల మీద నాకు నిజంగా కోపం.

ఎనుమాముల:
నేను బీకాం చేసి బ్రిటన్‌లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఎంఎస్సీ చదివాను. మా నాన్న వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణం గుమస్తా. ఆయన తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలు, రాస్తుంటే పక్కన కూర్చుని పెరిగాను.

మొదటి సెమిస్టర్లో నార్మలైజేషన్, అంటే ఒకే వివరం పదిచోట్ల పడకుండా టేబుళ్లు విడగొట్టడం, ఎంత చదివినా బుర్రకెక్కలేదు. పుస్తకాల్లో అన్నీ స్టూడెంట్, కోర్సు ఉదాహరణలే. చివరికి తక్‌పట్టీని ముందు పెట్టుకుని టేబుళ్లుగా విడగొట్టాను. ఒక రైతు ఒకేరోజు మిర్చి తేజ రకం రెండు లాట్లు, వండర్ హాట్ ఒక లాటు తెస్తాడు. ప్రతి లాటు పక్కనా రైతు పేరు, ఊరు మళ్లీ మళ్లీ రాస్తే ఒకచోట పర్వతగిరి అని, ఇంకోచోట పర్వత్‌గిరి అని పడుతుంది. కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. కాబట్టి రైతుకు ఒక టేబుల్, లాటుకు ఒక టేబుల్. ఒక లాటుకు చాలామంది వ్యాపారులు ధర వేస్తారు, ఖరారయ్యేది ఒక్కటే, కాబట్టి ధరలకు ఇంకో టేబుల్. ధర క్వింటాలుకు, దించేది బస్తాల్లో, హమాలీ ఖర్చు వేరే. ఇలా గీస్తూ పోతే పుస్తకంలోని మూడో నార్మల్ ఫామ్ అనే నియమం ఎందుకు పెట్టారో అర్థమైంది.

క్లాసులో బీటెక్ వాళ్లు నాకంటే వేగంగా కోడ్ రాసేవాళ్లు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ధర ఖరారయ్యాక కాంటా దగ్గర సరుకులో తేమ ఉందని వ్యాపారి రేటు తగ్గిస్తానంటే రికార్డులో ఏం జరగాలి? పాత ధర చెరిపేయాలా, ఉంచి పక్కన కొత్తది రాయాలా, ఎవరు ఒప్పుకున్నట్టు? మార్కెట్లో పెరిగినవాడికి మొదట తట్టే ప్రశ్న ఇది. ఇప్పుడు బిజినెస్ అనలిస్ట్‌గా నా ఉద్యోగమంతా ఇలాంటి ప్రశ్నలు అడగడమే. ఎస్‌క్యూఎల్ రోజూ రాస్తాను, పైథాన్ అప్పుడప్పుడు.

మడికొండ డెవలపర్:
లాటు ఉదాహరణ చాలా బాగుంది అన్నా. మా టీమ్‌లో అలా ఆలోచించే అనలిస్ట్ ఉంటే పని ఎంత తేలికవుతుందో నాకు తెలుసు. అయినా నా అభ్యంతరం పోలేదు. ఫ్రెషర్‌ను తీసుకునేటప్పుడు మొదటి రౌండ్ ఆన్‌లైన్ టెస్ట్. అందులో తక్‌పట్టీ గురించి ఎవరూ అడగరు, ఎస్‌క్యూఎల్‌లో క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాయమంటారు. రంగం తెలిసిన లాభం కొన్నేళ్లు పనిచేశాక కనిపిస్తుంది. ముందు గేటు దాటాలి కదా. అది దాటలేక, లోన్ కట్టలేక ఇబ్బంది పడుతున్నవాళ్లను చూస్తున్నాను కాబట్టే గట్టిగా చెప్తున్నా.

జగిత్యాల నాన్న:
లోన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అబ్బాయి బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). అమెరికాలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అయితే ఈజీగా సీటు వస్తుందని ఒక కన్సల్టెన్సీ చెప్తోంది. ఇల్లు తనఖా పెట్టాల్సి వచ్చేలా ఉంది. పెట్టొచ్చా?

ఎనుమాముల:
అంకుల్, సంతకం పెట్టేముందు ఇవి చూడండి. మనది మూడేళ్ల డిగ్రీ. అమెరికాలో చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి, కొన్ని మాత్రమే మూడేళ్లది ఒప్పుకుంటాయి. రెండోది, చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. ఆ ప్రోగ్రాంకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోడ్ ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే పేరున్న ప్రతి కోర్సుకూ ఆ కోడ్ ఉంటుందనుకోవద్దు, యూనివర్సిటీనే మెయిల్ చేసి అడగండి. బ్రిటన్‌లో చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు పీజీ అయితే 18 నెలలే. ఆ కొద్ది కాలంలో ఉద్యోగం తెచ్చుకుని అప్పు తీర్చగలడా అన్నది లెక్కేసుకోండి. బాబుకు ఎస్‌క్యూఎల్ అంటే ఏమిటో ఇంకా తెలియకపోతే, ఇల్లు తనఖా పెట్టొద్దనే చెప్తాను.

కరీంనగర్ ఎంసీఏ:
ఇక్కడి దారులు ఎవరూ చెప్పలేదు. ఎంబీఏ, ఎంసీఏల ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి ఎంసీఏకు వెళ్లాలంటే ఇదివరకు ఇంటర్లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ తప్పనిసరిగా ఉండాలి. సీఈసీ, బైపీసీ వాళ్లకు చిక్కు అక్కడే ఉండేది, ఇప్పుడు ఆ నిబంధన సడలించారు, మ్యాథ్స్ లేనివాళ్లు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. వరంగల్ నిట్‌లో ఎంసీఏకు నిమ్‌సెట్ అనే పరీక్ష వేరే, దానికి డిగ్రీలో మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ కావాలి. ఐసెట్‌తోనే ఎంబీఏకు మాత్రం ఏ డిగ్రీ అయినా చాలు, సిస్టమ్స్ లేదా బిజినెస్ అనలిటిక్స్ స్పెషలైజేషన్ ఉన్న కాలేజీ చూసుకోవాలి. నేను బీకాం నుంచే ఎంసీఏకు వచ్చాను, ఇంటర్ ఎంఈసీలో మ్యాథ్స్ ఉంది కాబట్టి అప్పట్లో కుదిరింది. ఎంసీఏ ఒకప్పుడు మూడేళ్లు ఉండేది, 2020-21 నుంచి చాలాచోట్ల రెండేళ్లే. కంప్యూటర్ చదవనివాళ్లకు బ్రిడ్జ్ కోర్సు అంటారు గానీ, అసలు క్లాసులు దాని కోసం ఆగవు. ముందే నేర్చుకుని వెళ్లడం మంచిది.

సుబేదారి బీకాం:
అందరికీ థ్యాంక్స్. అంటే నాకు ఎంసీఏ దారి ఖాయమని అనుకోలేను. ఎంబీఏ గానీ, బయటి దేశం ఎంఎస్సీ గానీ. సార్, నాకు ఇది వస్తుందా రాదా అన్నది చేరకముందే తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

హుజూరాబాద్ లెక్చరర్:
ఉందమ్మా, నీ చేతిలోనే ఉంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇన్‌స్టాల్ చేసుకో. డేటాబేస్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినొచ్చు. ఇప్పుడు ఎక్సెల్‌లో చేస్తున్న పనే టేబుళ్లలో చెయ్యి. కొనుగోలు పుస్తకం ఒక టేబుల్, 2బీ ఒక టేబుల్, సప్లయర్లు జీఎస్టీ నంబరుతో ఒక టేబుల్. క్లయింట్ల అసలు పేర్లు, నంబర్లు వాడొద్దు, మార్చి పెట్టుకో. పుస్తకంలో ఉండి 2బీలో లేని బిల్లులు, 2బీలో ఉండి పుస్తకంలో లేనివి, రెండుచోట్లా ఉన్నా పన్ను తేడా ఉన్నవి, ఈ మూడింటికీ నువ్వే క్వెరీలు రాయి. ఏఐని అడిగి రాయించుకోవద్దు. ఒక వేసవి పెట్టుకో. విసుగొస్తే ఈ కోర్సు నీకు కాదు. తెల్లారేదాకా కూర్చోవాలనిపిస్తే ఐసెట్‌కు కట్టెయ్.

మడికొండ డెవలపర్:
సార్ చెప్పిన పరీక్షకు ఒప్పుకుంటాను. ఇంకొకటి కలపండి. ఒకే బిల్లు నంబరు మీ పుస్తకంలో 1 అని, 2బీలో 001 అని, ఇంకోచోట ముందు సిరీస్ పేరు రాసి గీత పెట్టి ఉంటుంది కదా? అలాంటివాటినీ మీ క్వెరీ పట్టుకోవాలి. రాశాక ఇక్కడ పెట్టండి చెల్లే, నేను చూసి చెప్తాను.