మ్యూనిక్ ప్రదర్శనలో విన్న స్పీకర్లు: ఆ వినికిడిని ఇంటికి ఎంతవరకు నమ్మవచ్చు?

కూకట్‌పల్లి శ్రోత

ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లినప్పుడు 2025 మే 18, ఆదివారం నాడు కాస్త ఖాళీ దొరకడంతో మ్యూనిక్‌లోని ఎం.ఓ.సి. ప్రాంగణంలో జరిగిన హై ఎండ్ అనే ఆడియో పరికరాల ప్రదర్శనకు వెళ్లి వచ్చాను. 2004లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అక్కడికి వచ్చిన ఈ ప్రదర్శన 2026లో వియన్నాకు తరలిపోతున్నది కనుక, నేను చూసినది మ్యూనిక్‌లో దాని ఆఖరి రోజు. పెన్‌డ్రైవ్‌లో రెండు రికార్డింగులు మాత్రమే పట్టుకెళ్లాను: వీణ, మృదంగం ఉన్నది ఒకటి, స్త్రీ గాత్రంతో వయొలిన్ ఉన్నది మరొకటి. చాలా గదుల వారు మర్యాదగా తల ఊపి, చివరికి తమ పాటలే వినిపించారు. ముగ్గురు మాత్రం నావి పెట్టారు.

మొదటిది బూరల వంటి నోళ్లున్న నిలువెత్తు హార్న్ స్పీకర్. జనం కిక్కిరిసి ఉండగా ముందు వరుసలో ఒక కుర్చీ దొరికింది. బిగ్గరతనానికి లోటు లేదు కానీ, గాత్రం ఒక బూరలోంచి, వయొలిన్ పై స్థాయి స్వరాలు మరొక బూరలోంచి విడివిడిగా వస్తున్నట్టు వినిపించి నిరాశపడ్డాను. రెండవది నేల మీద నిలబడే సన్నని అల్యూమినియం టవర్ స్పీకర్. మృదంగం పలుకులు శుభ్రంగా, లెక్కపెట్టగలిగినంత విడిగా ఉన్నాయి, అయితే తొప్పి (మృదంగం ఎడమ మూత) నాదం ఎండిపోయినట్టుంది. మూడవది అడుగెత్తు మాత్రమే ఉన్న మూసిన పెట్టె, పాత బీబీసీ నమూనాను అనుసరించి చేసినది. దాని మీద వీణలో మీటు తరువాత వేలు మెట్ల మీద జారుతున్న సవ్వడి, ఆ వెనుక తాళపు తీగల మోత వింటుంటే లేవబుద్ధి కాలేదు.

మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఇటుక గోడలు, టైల్స్ నేల, సోఫా వెనుక గోడకు ఆనించి ఉంటుంది. టవర్ కొని, లోటుగా అనిపించిన బాస్ (కింది స్థాయి నాదం) కోసం సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే అదనపు స్పీకర్) జోడించాలా, లేక చిన్న పెట్టెలతో సరిపెట్టుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇరవై నిమిషాల వినికిడిని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ధ్వనిగణితం

సబ్‌వూఫర్ ఆలోచనను ముందుగా పక్కన పెట్టమని కోరుతున్నాను. అక్కడ మీరు విన్న సన్నని బాస్ ఆ స్పీకర్‌ది కాకపోవచ్చు. ప్రదర్శనల్లో కింది హాళ్లలో కట్టే గదులు తాత్కాలిక పలకల గదులు, పై అంతస్తు గదులకు ముందు భాగమంతా అద్దమే. అటువంటి పలుచని హద్దులు బాస్‌ను కొంత పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి, పక్క గది డ్రమ్ములు మనకు వినిపించడానికి కారణం కూడా అదే. మన ఇళ్లలోని ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు అలా వదలవు. అక్కడ ఎండిపోయిన తొప్పి మీ హాలులో ఉబ్బిపోయి, మృదంగం మొత్తాన్ని మింగేసినా ఆశ్చర్యం లేదు.

లెక్క చిన్నదే. గాలిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు, దానిని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో గది మొట్టమొదట మోగే స్థాయి వస్తుంది. మీ 14 అడుగులు అంటే 4.27 మీటర్లు, కాబట్టి 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు), దాని రెట్టింపు 80 దగ్గర మరొకటి. వెడల్పు వైపు 47, 94. ఈ స్థాయిల్లో పీడనం గోడ దగ్గరే అత్యధికం, మీ సోఫా సరిగ్గా అక్కడే ఉంది. పొడవులో నాలుగో వంతు, అంటే వెనుక గోడ నుంచి మూడున్నర అడుగులు ముందుకు జరిగితే 80 హెర్ట్జ్ మోత దాదాపు మాయమవుతుంది. తెరలు, తివాచీలు పై స్థాయి శబ్దాలకే పనికివస్తాయి. 40 హెర్ట్జ్ తరంగంలో పావు వంతే రెండు మీటర్లకు పైగా ఉంటుంది, దానిని బట్టతో ఆపడం కుదిరే పని కాదు.

తొప్పి

నేను మృదంగం వాయించేవాడిని, స్పీకర్ల శాస్త్రం నాకు తెలియదు. అయితే మీ పెన్‌డ్రైవ్‌లోనే ఒక మంచి పరీక్ష ఉన్నదని చెప్పగలను. ఎడమ మూతకు తడి రవ్వ పెట్టి, అరచేతి మడమతో నొక్కుతూ జార్చినప్పుడు నాదం కింది నుంచి పైకి ఎక్కడా తెగకుండా సాగుతుంది. దానిని మేము గుంకీ అంటాము. ఆ జారుడులో నాదం ఒకచోట ఉన్నట్టుండి లావై, మళ్లీ సన్నబడితే ఆ దోషం గదిది, ఎందుకంటే చేతి ఒత్తిడి అంత హఠాత్తుగా మారదు. జారుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున పలుచగా ఉంటే అప్పుడు స్పీకర్‌ను అనుమానించవచ్చు. టవర్ దగ్గర మీకు ఈ రెండింటిలో ఏది వినిపించిందో గుర్తున్నదా?

పాత వాల్వు

పై ఇద్దరి మాటలతో చాలా వరకు ఏకీభవిస్తూనే, ప్రదర్శనలో విన్నదంతా గాలికి వదిలేయనవసరం లేదని నా అభిప్రాయం. బాస్ గదికి చెందినది, నిజమే. గాత్రం, వీణ, వయొలిన్ ఉండే మధ్య స్థాయిల్లో మాత్రం స్పీకర్ స్వభావమే ఎక్కువగా చెవికి చేరుతుంది. వీణ మెట్ల సవ్వడి మీకు అక్కడ నచ్చితే, అది మీతో పాటు కూకట్‌పల్లి దాకా ప్రయాణం చేస్తుంది. బీబీసీ వారు 1970లలో ఎల్ఎస్3/5ఎ అనే ఆ చిన్న పెట్టెను బయటి ప్రసారాల వ్యానుల వంటి ఇరుకు చోట్ల కూర్చుని మాటను సరిగా అంచనా వేయడానికే తయారు చేశారు. చిన్న గది, దగ్గరి కుర్చీ, మనిషి గొంతు అన్నవి దానికి పుట్టిల్లు. కింది స్థాయిలు లేని లోటు తెలియకుండా దాని బాస్ పై అంచును కొద్దిగా లేపారు కూడా, మీ రెండో రికార్డింగులోని గాత్రానికి వచ్చే నిండుదనంలో కొంత అక్కడిదే.

హార్న్ విషయంలో మీరు తొందరపడ్డారని అనుకుంటున్నాను. వేర్వేరు బూరల నోళ్లు ఒకదానికొకటి అంత దూరంలో ఉన్నప్పుడు, వాటి శబ్దాలు ఒకటిగా కలవడానికి తగినంత దూరం కావాలి. ముందు వరుసలో కూర్చుంటే అవి విడివిడిగానే వినిపిస్తాయి. నేను ఇటువంటి ప్రదర్శనలకు వెళ్లినప్పుడు తలుపు తెరిచిన మొదటి అరగంటలోనే వెళ్లి, వెనుక వరుస మధ్య కుర్చీ కోసం చూస్తాను, దొరకకపోతే ఆ గది గురించి ఎవరికీ ఏమీ చెప్పను. అయితే 12 అడుగుల వెడల్పు హాలుకు ఆ నిలువెత్తు హార్న్ తగదు కనుక, మీ తొందరపాటు వల్ల నష్టమేమీ జరగలేదు.

బిగ్గరతనం సంగతి కూడా గమనించండి. హార్న్‌ల సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్‌కు వచ్చే బిగ్గరతనం, 105 డెసిబెల్స్ వరకు ఉండవచ్చు, ఆ చిన్న పెట్టెలది 83 ప్రాంతం. ఆ 22 డెసిబెల్స్ తేడా అంటే, హార్న్ ఒక్క వాట్‌తో చేసే శబ్దానికి చిన్నదానికి 160 వాట్ల దాకా కావాలి, అన్ని వాట్లు ఇస్తే అది బతకదు. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నదే మంచిదనిపించే మన చెవులకు, గదికొక వాల్యూమ్‌లో విని పోల్చమంటే న్యాయం ఎలా జరుగుతుంది? అంత హోరు నడుమ, తక్కువ వాల్యూమ్‌లో మోగుతున్న చిన్న పెట్టె మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టింది. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చేసిన పరీక్షలో స్పీకర్‌ను కళ్లతో చూసి విన్నవారి మార్కులకు, తెర చాటున విన్నవారి మార్కులకు పొంతన కుదరలేదు, పరిమాణం, పేరు, ధర ఒకవైపు తూకాన్ని లాగాయి. ఆ ప్రభావాలన్నీ పెద్ద స్పీకర్ల పక్షాన ఉన్నప్పటికీ మీ మనసు చిన్నదానికే ఓటు వేసింది కనుక, ఆ ఓటుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

కూకట్‌పల్లి శ్రోత

అందరికీ ధన్యవాదాలు. తొప్పి గారూ, టవర్ మీద గుంకీ మొత్తం ఒకే తీరున పలుచగా ఉన్నట్టే జ్ఞాపకం, కానీ ఆ సమయంలో పక్క గదిలో డ్రమ్ములు మోగుతున్నాయి కనుక ప్రమాణం చేసి చెప్పలేను.

ఈ మధ్యలో ఒక మిత్రుడు తన దగ్గరున్న అదే తరహా మూసిన పెట్టెలను పది రోజుల కోసం ఇచ్చాడు. మొదటి రాత్రి సోఫా ఎప్పటి చోటనే ఉండగా వింటే, గుంకీ జారుడు మధ్యలో ఒక్కచోట, గోడ వెనుక ఎవరో పరుపు దులిపినట్టుగా ఉబ్బింది. ఫోన్‌లో ఒక టోన్ యాప్ పెట్టి మెల్లగా పైకి జరుపుతూ పోతే ఆ ఉబ్బు 78, 82 హెర్ట్జ్‌ల మధ్య దొరికింది. ధ్వనిగణితం గారు గదిని చూడకుండా కాగితం మీద వేసిన అంకె మా గోడలోంచి వినిపించేసరికి కాసేపు నవ్వుకున్నాను. ఎంతో చిన్నదనుకున్న పెట్టె మా హాలును ఇంతగా మోగిస్తే, ఆ టవర్‌కు సబ్‌వూఫర్ తోడైతే ఏమయ్యేదో ఊహించగలను.

సోఫాను మూడున్నర అడుగులు ముందుకు జరిపి వింటే ఉబ్బు పోయి, తొప్పి, వీణ రెండూ తమ తమ చోట్ల నిలిచాయి. అయితే బాల్కనీలోకి దారి మూసుకుపోయిందని, బట్టలు ఆరవేయడానికి ఎటు నుంచి వెళ్లాలని అమ్మ అడిగింది. రెండు అడుగుల దగ్గర సంధి కుదిరింది. అక్కడ ఉబ్బు పూర్తిగా పోలేదు కానీ, పాటను పాడుచేసేంతగా లేదు. చిన్న పెట్టెలకే ఆర్డర్ ఇస్తున్నాను. సోఫాలో కూర్చుంటే నా చెవి నేల నుంచి 37 అంగుళాల ఎత్తులో ఉంది. స్టాండ్లు వడ్రంగి చేత చేయించుకోవచ్చునా, ఎంత ఎత్తు ఉండాలి?

పాత వాల్వు

నిరభ్యంతరంగా చేయించుకోండి. ట్వీటర్ (పై స్థాయి స్వరాలు పలికే చిన్న భాగం) మధ్య మీ చెవికి సమానంగా రావాలి. పెట్టె అడుగు నుంచి ట్వీటర్ దాకా టేపు పెట్టి కొలిచి, ఆ కొలతను 37లోంచి తీసివేస్తే వచ్చేదే స్టాండ్ ఎత్తు. కాళ్లను గుల్లగా ఉంచమని చెప్పి, పూర్తిగా ఎండబెట్టిన ఇసుకతో నింపండి. తడి ఇసుక పోస్తే మొదటి వానాకాలానికే చెక్క ఉబ్బుతుంది, మా ఇంట్లో జరిగింది.