రెండేళ్ల పాపకు ఫోన్ మానిపిస్తే బాపుతో వీడియో కాల్ కూడా ఆపాలా?

ప్రశ్న (జగిత్యాల నుంచి ఒక తల్లి):
మా పాపకు ఈ మధ్యనే రెండేళ్లు నిండాయి. ఫోన్‌లో పాటలు పెట్టనిదే బువ్వ ముద్ద మింగదు. ఆ పాటల్లోని రంగుల పేర్లు ఇంగ్లీషులో గడగడా చెబుతుంది గాని, దాహం వేస్తే నోటితో అడగకుండా నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోతుంది. ఫోన్ పూర్తిగా మానిపించాలని అత్తమ్మ అంటున్నారు. అయితే వాళ్ల బాపు దుబాయిలో ఉంటారు, రోజూ రాత్రి వీడియో కాల్‌లోనే బిడ్డను చూసుకుంటారు. దాన్ని కూడా ఆపాలా?

జవాబు 1 (హన్మకొండ, శిశు వికాసం బోధించే అధ్యాపకురాలు):
ఆపవద్దమ్మా. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చైనా భాష మాండరిన్ వినిపించి, పరిశోధకురాలు పెట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో, మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలను పట్టుకున్నారు. అదే వయసు పిల్లలు అవే మాటలు వీడియోలో విన్నప్పుడు ఏమీ నేర్చుకోలేదు. రెండు, రెండున్నరేళ్ల పిల్లలపై 2014లో వచ్చిన మరో అధ్యయనంలో మాత్రం ప్రత్యక్ష వీడియో సంభాషణ ద్వారా కొత్త క్రియాపదాలు వచ్చాయి, ముందే తీసిన వీడియో ద్వారా రాలేదు. పాప నవ్వితే బాపు నవ్వుతారు, ఏదైనా చూపిస్తే దాని పేరు చెబుతారు. పాటల వీడియోకు పాప ఉన్నట్టే తెలియదు. కాల్ సమయంలో మీరూ పక్కన కూర్చుని ఆ మాటలనే మళ్లీ అంటూ ఉండండి.

జవాబు 2 (కరీంనగర్ నుంచి ఒక తండ్రి):
కాల్ విషయంలో మేడమ్ గారితో ఏకీభవిస్తాను గాని, ఆ పేరుతో మిగతా గంటలు గడిచిపోతాయేమోనని నా సందేహం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు పూటలా ఫోన్ చూపిస్తూ తినిపిస్తే ఆ గంట అక్కడే అయిపోతుంది. ముందు తిండి దగ్గర తీసేయండి చెల్లెమ్మా. కొన్నాళ్లు ఏడుస్తుంది, సగం పళ్లెం వదిలేస్తుంది, ఆ మాట అత్తమ్మకు ముందే చెప్పి ఉంచండి.

జవాబు 3 (పెద్దపల్లి, అంగన్‌వాడీ టీచర్):
తప్పంతా ఫోన్ మీదికే నెట్టకండి. రెండేళ్లకు "అమ్మ రా", "నీళ్లు కావాలె" వంటి రెండు పదాల మాటలు రావాలి. వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా, కావలసిన దాన్ని వేలితో చూపిస్తుందా అన్నది గమనించి, చెవి పరీక్ష కూడా చేయించండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం అంగన్‌వాడీకి వచ్చినప్పుడు చూపిస్తే, అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. వారు వచ్చేదాకా ఆగనవసరం లేదు, పిల్లల వైద్యుని దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి.