లిబియా గతికి జవాబుదారీ ఎవరు?

పోస్టు 1
2011 మార్చి 17న లిబియాపై ఐరాస భద్రతా మండలి చేసిన 1973వ తీర్మానంలో ఉన్నది పౌరుల రక్షణ. పది దేశాలు ఔనన్నాయి. భారత్, చైనా, రష్యా సహా ఐదు దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఏడు నెలలు తిరిగేసరికి, అక్టోబరు 20న, సిర్తే పట్టణం నుంచి పారిపోతున్న లిబియా పాలకుడు గడ్డాఫీ కాన్వాయ్ మీద నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) బాంబులు పడ్డాయి. తూములో దాక్కున్న మనిషిని తిరుగుబాటుదారులు బయటికి ఈడ్చారు, ఆ రోజే అతను చనిపోయాడు. ఇందులో ఏ పౌరుణ్ని రక్షించినట్టు? అక్టోబరు 31తో నాటో తన పని అయిపోయిందంది. 2014 నాటికి ఆ దేశంలో రెండు ప్రభుత్వాలు. వచ్చిన పని మధ్యలో మార్చేశారు కాబట్టి తర్వాతి బాధ్యతా వాళ్లదేనంటాను.

పోస్టు 2
వెళ్లకుండా కూర్చుంటే పాపం అంటదా అండీ? జాతిహత్య జరిగిన రువాండా చూడండి. కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో దాదాపు రెండు వేల మంది తలదాచుకున్నారు. ఐరాస తరఫున కాపలా ఉన్నది బెల్జియం సైనికులు. 1994 ఏప్రిల్ 11న వాళ్లు ట్రక్కులెక్కి వెళ్లిపోయారు. హంతకులు బయటే కాచుకుని ఉన్నారు. లోపలున్నవాళ్లలో చాలామంది ఆ రోజే చనిపోయారు. లిబియాలోనూ గడ్డాఫీ సేనలు తిరుగుబాటుదారుల నగరం బెంగాజీ గుమ్మం దాకా వచ్చాయి కదా.

పోస్టు 3 (మొదటి పోస్టు నాదే)
ఆ స్కూలు ఉదాహరణ నా వైపే పనిచేస్తుంది. సైనికులు ఉన్నారన్న నమ్మకంతోనే జనం అక్కడికి చేరారు. బెంగాజీ సంగతంటారా, పౌరులకు ముప్పును ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపారని 2016లో బ్రిటన్ పార్లమెంటు కమిటీయే చెప్పింది. అయితే ఆ మార్చిలో అది ఎవరికైనా తెలిసే వీలుందా అంటే, నా దగ్గర గట్టి జవాబు లేదు.

పోస్టు 4
మరి స్థానిక ముఠాల మాటేమిటి? నికరాగువా కేసులో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం గీత గీసింది. రేవుల్లో మైన్లు పెట్టడం, కాంట్రాలకు (అక్కడి ప్రభుత్వంపై పోరాడిన తిరుగుబాటుదారులకు) ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం అమెరికా తప్పే. కానీ కాంట్రాలు చేసిన ప్రతి ఘోరమూ అమెరికా ఖాతాలో పడదు. ఆ ఘోరాలు జరిగిన ఆపరేషన్లు అమెరికా అదుపులోనే సాగాయని రుజువు కావాలి. పైగా ఆ 1973వ తీర్మానం ఆక్రమణ సేన వద్దంది. నాటో ఉండిపోయుంటే అదీ తప్పే అనేవారు మీరు!

పోస్టు 5 (మళ్లీ నేనే)
చివరి మాట నిజమే, అనేవాణ్నే. కాన్వాయ్‌ను ఆపింది నాటో, తూము దగ్గర జరిగింది మిస్రాతా నగరపు తిరుగుబాటు దళాల పని, అంతవరకు ఒప్పుకుంటా. నవంబరు 1 నుంచి ఎవరి లెక్క? గడ్డాఫీ తర్వాత ఏమిటన్నది ముందే ఆలోచించకపోవడం తన పెద్ద పొరపాటని ఒబామాయే 2016లో అన్నాడు. కోర్టు గీసిన గీత ఈ పొరపాటును ఎటువైపు పెడుతుందో చెప్పండి.