డిజైన్ ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి, పాత వెర్షన్లను ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న

నమస్కారం. నేను లోగోలు, బ్రోషర్లు, పోస్టర్లు రూపొందిస్తుంటాను. పని పెరిగేకొద్దీ ఫైళ్లూ పెరిగి, ఒకే ఫోల్డర్‌లో ‘బ్రోషర్_ఫైనల్’, ‘బ్రోషర్_ఫైనల్_కొత్తది’, ‘బ్రోషర్_ఫైనల్_ప్రింట్’ అనే ఫైళ్లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. వీటిలో ప్రెస్సుకు వెళ్లినది ఏదో తెలియాలంటే అన్నింటినీ తెరిచి, అచ్చయిన ప్రతితో పోల్చి చూడవలసి వస్తోంది. ఫోల్డర్లను క్లయింట్ల వారీగా విభజించాలా, సంవత్సరాల వారీగానా? ఒంటరిగా పనిచేసేవారు రోజూ పాటించగలిగిన పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ముందుగా పేర్ల సంగతి తేల్చుకోండి. ‘ఫైనల్’ అనే మాటను ఫైల్ పేర్లలో వాడవద్దని నా గట్టి సలహా. ఆ మాట పేరు పెట్టిన రోజున మనకున్న నమ్మకాన్ని చెబుతుందే తప్ప, మర్నాడు క్లయింట్ చిరునామా మార్చమన్నప్పుడు దేనికీ పనికిరాదు. దానికి బదులు తర్వాత మారే అవసరం లేని వివరాలను పేరులో ఉంచండి: ఆ వెర్షన్ మొదలుపెట్టిన తేదీ, క్లయింట్‌కు ఒక పొట్టి పేరు, పని రకం, వెర్షన్ సంఖ్య. ఉదాహరణకు ‘2024-03-18_ఏబీసీ_బ్రోషర్_వి03’.

తేదీలో సంవత్సరం ముందు రావడానికి కారణం ఉంది. తేదీలు రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 చెప్పే ఈ క్రమంలో రాస్తే, పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. రోజును ముందు రాస్తే 02-11-2024 నాటి ఫైలు 18-03-2024 నాటి దానికంటే పైకి చేరుతుంది. వెర్షన్ సంఖ్యకు ముందు సున్నా ఉంచడం కూడా ఇందుకే, ఎందుకంటే అక్షరాలను ఒక్కొక్కటిగా పోల్చే వ్యవస్థల్లో ‘వి10’ అనేది ‘వి2’ కంటే ముందు వస్తుంది.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ఫోల్డర్ల విషయానికి వస్తే, పైన క్లయింట్, దాని లోపల పని, ఆ పని పేరులో సంవత్సరం అనే వరుస నాకు సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే పాత పనిని అడిగేవారు చాలాసార్లు ఏడాదిని మరచిపోతారు కాని తామెవరో మరచిపోరు.

ప్రతి పని ఫోల్డర్‌లోనూ ‘పంపినవి’ అనే ఫోల్డర్ ఒకటి తప్పక ఉండాలి. ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌ను అదే పేరుతో అందులో ఉంచి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. మీరు అడిగిన ‘ప్రెస్సుకు వెళ్లినది ఏది’ అన్న సందేహానికి సమాధానం ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది బొమ్మలతోనూ ఫాంట్లతోనూ వస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ గాని, బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ గాని లింక్ చేసిన బొమ్మను తనలో దాచుకోదు, అది ఉన్న చోటును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. డెస్క్‌టాప్ మీదనో డౌన్‌లోడ్స్‌లోనో ఉన్న ఫొటోను పేజీలో పెట్టి, తర్వాత ఆ ఫొటోను తీసివేస్తే, లింక్ తెగిపోయిందన్న హెచ్చరిక వస్తుంది. అందువల్ల బొమ్మను ముందు పని ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, ఆ తర్వాతే పేజీలో పెట్టండి. పని ముగిశాక ఫైల్ మెనూలోని ‘ప్యాకేజ్’ను వాడితే, డాక్యుమెంట్‌తో పాటు లింకులనూ ఫాంట్లనూ ఒకే ఫోల్డర్‌లోకి చేరుస్తుంది. అయితే అడోబీ ఫాంట్స్ సేవ ద్వారా తెచ్చుకున్న ఫాంట్లను అది కాపీ చేయదు. కనుక వాటి పేర్లను ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంచండి, అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంట్ అవసరం లేని ఆకారాలుగా, మార్చిన ప్రతిని కూడా విడిగా దాచండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘పంపినవి’ ఫోల్డర్ ఈ రోజే మొదలుపెడతాను. పాత వెర్షన్లన్నింటినీ ఉంచితే డిస్క్ నిండిపోతుందేమోనన్న సందేహం మాత్రం మిగిలింది. క్లౌడ్‌లో సింక్ అవుతున్నప్పుడు విడిగా బ్యాకప్ అవసరమా?

మూడవ సమాధానం

అవసరమే. సింక్ చేసిన ఫోల్డర్‌లో ఒక ఫైలును పొరపాటున తొలగిస్తే, ఆ తొలగింపు కూడా అన్ని కంప్యూటర్లకూ చేరుతుంది; క్లౌడ్ సేవ పాత ప్రతిని కొంతకాలం దాచినా, ఆ గడువు దాటాక అది దొరకదు. ఫొటోగ్రాఫర్లు పాటించే 3-2-1 నియమం డిజైనర్లకూ సరిపోతుంది: మొత్తం 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలు, వాటిలో 1 ప్రతి వేరే చోట. పని చేస్తున్న కంప్యూటర్, ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, ఒక క్లౌడ్ ఖాతా ఉంటే ఇది పూర్తవుతుంది.

వెర్షన్ల విషయంలో, క్లయింట్‌కు చూపించిన ప్రతి వెర్షన్‌నూ ఉంచండి, ఎందుకంటే ‘మొదట చూపించినదే బాగుంది’ అనడం ఈ పనిలో మామూలే. ఎవరూ చూడని మధ్య దశలను పని ముగిశాక తీసివేయవచ్చు. ఫొటోషాప్‌లోని పీఎస్‌డీ ఫైలు 2 జీబీ వరకే సేవ్ అవుతుంది, ఆపైన పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ రకం వాడాలి. మీ ఫైళ్లు ఆ పరిమాణానికి దగ్గరవుతుంటే, వాడని లేయర్లు ఎన్ని మిగిలాయో చూడండి.

పాత ఫైళ్లన్నింటినీ ఇప్పుడు సర్దడానికి పూనుకోవద్దు. వాటి మధ్య తెగకుండా ఉన్న లింకులు కూడా ఆ సర్దుబాటులో తెగిపోవచ్చు. ఇకపై వచ్చే పనిని కొత్త పద్ధతిలో మొదలుపెట్టండి. పాత పని ఏదైనా తిరిగి వచ్చినప్పుడు దాన్ని తెరిచి, లింకులు సరిచూసి, ప్యాకేజ్ చేసి కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి.